కాలర్ ఒక చుట్టు తిప్పితే కారులో ఏమేం కదులుతాయి?

కారుకి కొత్త సస్పెన్షన్ వేయించినవాళ్లు ఇంటికి రాగానే చేసే పని ఒకటుంది. నాలుగడుగులు వెనక్కి వెళ్లి, తల కాస్త పక్కకి వంచి, టైరుకీ పైనున్న మడ్‌గార్డు అంచుకీ మధ్య సందు ఎంతుందో చూస్తారు. ముందు రెండు వేళ్లు పడుతున్నాయి, వెనక మూడు పడుతున్నాయి, అయితే ఇంకొంచెం దించాలి అనుకుంటారు. స్పానర్ బయటికి వస్తుంది.

సందు కంటికి కనిపిస్తుంది కాబట్టి ఎత్తంటే అదే అనుకుంటాం. షాక్ అబ్జార్బర్ మీద స్ప్రింగు కూర్చునే మరల రింగుని, అంటే కాలర్‌ని, తిప్పినప్పుడు మారేవాటిలో నన్నడిగితే అన్నిటికంటే తక్కువ పట్టించుకోవాల్సింది అదే. చక్రం పైకి ఎంత లేవగలదు, కిందికి ఎంత జారగలదు, చక్రాన్ని కింద ఛాసిస్‌కి కలిపే లోయర్ ఆర్మ్ ఏ కోణంలో ఉంది, స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్లే టై రాడ్ ఎటు వాలింది, నాలుగు టైర్ల మీద బరువు ఎలా పంచుకుంది, ఇవన్నీ దాంతోపాటే మారిపోతాయి. ఒకచోట 10 మిల్లీమీటర్లు తీసుకుంటే ఇంకోచోట 10 మిల్లీమీటర్లు ఇచ్చుకోవాల్సిందే. ఆ జమాఖర్చు తెలియకుండా తిప్పడం వల్లే "మంచి కిట్ వేయించాను, అయినా కారు ఎగిరెగిరి పడుతోంది" అనే మాట అన్నిచోట్లా వినిపిస్తుంది.

వేళ్లతో కొలిస్తే కుదరదు

ముందు కొలత సంగతి. చాలామంది నేల మీంచి మడ్‌గార్డు అంచు దాకా టేపు పెడతారు. అలా కొలిస్తే టైరు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. కొత్త టైరుకి ట్రెడ్ లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది, అరిగిపోయి మార్చే వేళకి 2 మిల్లీమీటర్లు కూడా మిగలదు. అంటే సస్పెన్షన్‌ని ఎవరూ ముట్టుకోకుండానే ఆ కొలత 6 మిల్లీమీటర్లు తగ్గిపోతుంది. గాలి తక్కువుంటే ఇంకొంచెం తగ్గుతుంది. అందుకే చక్రం నడిమధ్య బిందువు నుంచి నిట్టనిలువుగా పైకి, మడ్‌గార్డు అంచు దాకా కొలవాలి. ఇందులో టైరు జోక్యం ఉండదు. సస్పెన్షన్ ఎంత నొక్కుకుందో అది మాత్రమే తెలుస్తుంది.

ఇందులోనూ ఒక తిరకాసుంది. మడ్‌గార్డు అంచులు రెండువైపులా అచ్చంగా ఒకే ఎత్తులో ఉంటాయన్న హామీ లేదు. ఎప్పుడైనా గుద్దుకుని ప్యానెల్ మార్పించిన కారైతే మరీను. ఎడమా కుడీ తేడా వస్తే వెంటనే స్ప్రింగుని తిట్టకుండా, తలుపు కింద జాకీ పెట్టే చోటు నుంచి నేలకి ఎంతుందో రెండువైపులా చూడాలి. అక్కడ సమానంగా ఉండి మడ్‌గార్డు దగ్గర తేడా ఉంటే లోపం రేకుల్లో ఉంది. స్ప్రింగులో లేదు.

నేల సంగతి కూడా చూసుకోవాలి. కంటికి చదునుగా కనిపించే పార్కింగ్‌లో నీళ్లు పోయేందుకు వాలు పెట్టే ఉంటారు. మేస్త్రీలు వాడే నీటి గొట్టం, అంటే నీళ్లు నింపిన పారదర్శకమైన సన్న పైపు, నాలుగు చక్రాలు ఆనే చోట్ల ఎత్తు ఎంతుందో నిక్కచ్చిగా చెప్పేస్తుంది. తక్కువున్న చోట టైరు కింద పలచని పలకలు పేర్చుకుంటే సరిపోతుంది.

ఇక నేను స్వయంగా తిన్న దెబ్బ. మొదటిసారి ముందు రెండు కాలర్లూ దించి, జాకీ తీసి, వెంటనే టేపు పెట్టాను. అనుకున్నదానికంటే 15 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంది. సరే చాల్లేదనుకుని మళ్లీ జాకీ ఎక్కించి ఇంకాస్త దించాను. తర్వాత వీధి చివరిదాకా వెళ్లి వచ్చి చూస్తే, టైరు మడ్‌గార్డు లోపలికి దూరిపోయి ఉంది. అప్పుడు అర్థమైంది నేను మర్చిపోయిందేమిటో. కారు జాకీ మీద ఉన్నప్పుడు చక్రాలు కిందికి వేలాడతాయి, వేలాడినప్పుడు రెండు చక్రాల మధ్య దూరం తగ్గుతుంది. కిందికి దించగానే అవి బయటికి జరగాలి, కానీ టైరు రబ్బరు నేలని గట్టిగా పట్టుకుని జరగనివ్వదు. దాంతో కారు కాళ్లు దగ్గరికి ముడుచుకున్నట్టు ఎత్తుగా నిలబడిపోతుంది. నాలుగైదు మీటర్లు ముందుకీ వెనక్కీ నడిపి, నాలుగు మూలలా రెండుసార్లు నొక్కి వదిలితేగానీ అది తన అసలు ఎత్తుకి రాదు. ఇప్పుడు జాకీ దించాక టేపు జోలికే పోను, ముందు తాళాలు తీసుకుంటాను.

ప్రీలోడ్ అంటే స్ప్రింగు గట్టిపడటం కాదు

ఆఫ్టర్‌మార్కెట్ సస్పెన్షన్ గురించి ఇద్దరు మాట్లాడుకుంటే మూడో నిమిషంలో ప్రీలోడ్ మాట వస్తుంది. "కాలర్ బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుంది" అని ఒకరు అంటారు, రెండోవాళ్లు తలూపుతారు. ఇది తప్పు. ఎందుకు తప్పో అంకెల్లో చూస్తేనే తెలుస్తుంది.

ఒక స్ప్రింగుని 1 మిల్లీమీటరు నొక్కడానికి 6 కిలోల బరువు కావాలనుకుందాం. కారు ఆ మూల స్ప్రింగు మీద మోపే బరువు 300 కిలోలు. భాగిస్తే 50. అంటే కారు నేల మీద నిలబడ్డాక స్ప్రింగు 50 మిల్లీమీటర్లు నొక్కుకుంటుంది. స్ప్రింగుకీ షాక్‌కీ కదలిక ఒకటే అనుకుంటే, షాక్ రాడ్ కూడా 50 మిల్లీమీటర్లు లోపలికి వెళ్లి ఆగుతుంది.

ఇప్పుడు కారుని జాకీ మీద ఎత్తి, కాలర్‌ని 10 మిల్లీమీటర్లు పైకి తిప్పాం. చక్రం వేలాడుతుండగానే స్ప్రింగు 10 మిల్లీమీటర్లు నొక్కుకుంది, అంటే అందులో ముందే 60 కిలోల ఒత్తిడి చేరింది. ఇదే ప్రీలోడ్. కిందికి దించాక ఏమవుతుంది? కారు బరువు మారలేదు, 300 కిలోలే. స్ప్రింగు మొత్తం నొక్కుకోవాల్సింది ఇప్పటికీ 50 మిల్లీమీటర్లే. అందులో 10 మనం ముందే నొక్కేశాం కాబట్టి షాక్ రాడ్ 40 మాత్రమే కదులుతుంది. కారు 10 మిల్లీమీటర్లు ఎత్తుగా నిలబడుతుంది. స్ప్రింగుకి ఇంకో 6 కిలోలు వేస్తే ఇంకో 1 మిల్లీమీటరే నొక్కుకుంటుంది, మొన్నా అంతే, ఇవాళా అంతే. 1678లో రాబర్ట్ హుక్ అచ్చు వేయించిన సూత్రం ఇదే. చుట్ల మధ్య ఎడం మారే ప్రోగ్రెసివ్ స్ప్రింగుల లెక్క కాస్త వేరు, కాయిలోవర్లలో, అంటే ఇలా కాలర్‌తో స్ప్రింగూ షాకూ కలిసి వచ్చే కిట్లలో, వచ్చేవి మాత్రం ఎక్కువగా ఈ రకం కావు.

మరి కాలర్ బిగించాక కారు గట్టిగా ఎందుకు అనిపిస్తుంది? ఒక హద్దు దాటితే నిజంగానే తేడా వస్తుంది. పై ఉదాహరణలో కాలర్‌ని 50 మిల్లీమీటర్లు బిగించామనుకోండి. స్ప్రింగులో ముందే 300 కిలోలు ఉన్నాయి. కారు దిగాక షాక్ రాడ్ అసలు కదలదు, పూర్తిగా సాగిన స్థితిలోనే ఉంటుంది. అప్పుడు రోడ్డులో చిన్న గుంత వచ్చినా చక్రం కిందికి దిగి దాన్ని అందుకోలేదు. షాక్ చివరికొచ్చి టక్కుమంటుంది, కారు గుంతలోకి పడినట్టు అనిపిస్తుంది. దాన్నే మనం "గట్టిపడింది" అంటాం. నిజానికి అయిపోయింది కిందికి దిగే చోటు.

120 మిల్లీమీటర్ల జమాఖర్చు

అదే ఉదాహరణని కొంచెం సాగదీద్దాం. షాక్ రాడ్ మొత్తం ప్రయాణం 120 మిల్లీమీటర్లు అనుకోండి. ప్రీలోడ్ లేనప్పుడు 50 కిందికి, 70 పైకి. కాలర్ 10 బిగిస్తే 40 కిందికి, 80 పైకి. దించాలనుకుని కాలర్‌ని మొదటి స్థానం కంటే 10 కిందికి తిప్పితే 60 కిందికి, 60 పైకి. ఎలా తిప్పినా కూడితే 120. కారుని దించడమంటే పైకి లేచే చోటుని కిందికి జారే చోటుకి బదిలీ చేయడమే. కొత్తగా ఏదీ పుట్టదు.

ఇక్కడే అసలు చిక్కు. పైకి లేచే ఆ 60లో బంప్ స్టాప్ కూడా ఉంటుంది. షాక్ రాడ్ మీద గొట్టంలా కూర్చునే, స్పంజిలాంటి పాలీయురిథేన్ ముక్క అది. అది 40 మిల్లీమీటర్ల పొడవుంటే చక్రం స్వేచ్ఛగా లేవగలిగేది 20 మిల్లీమీటర్లే. ఆ తర్వాత బంప్ స్టాప్ రెండో స్ప్రింగులా పనిచేయడం మొదలుపెడుతుంది, నొక్కేకొద్దీ మొండికేస్తుంది. ఓ మాదిరి అతుకుల రోడ్డు మీద కూడా కారు సగం సేపు బంప్ స్టాప్‌ల మీదే నడుస్తుంటుంది. యజమాని ఏమనుకుంటాడంటే, స్ప్రింగులు మరీ గట్టివి, డ్యాంపింగ్, అంటే షాక్ ఆ కదలికని అడ్డుకునే బలం, మెత్తబరచాలి అని. నాబ్ తిప్పుతాడు, ఏమీ మారదు. 10 మిల్లీమీటర్లు ఎత్తితే అదే కారు వేరే కారులా నడుస్తుంది. ఎత్తు పెంచితే ప్రయాణం మెత్తబడుతుందంటే వినడానికి వింతగా ఉంటుంది గానీ, బాగా దించేసిన కార్లలో నేను ముందు చూసుకునేది ఇదే.

దీన్ని ఊహించనక్కర్లేదు, చూడొచ్చు. షాక్ రాడ్ కనిపించే రకమైతే దాని చుట్టూ సన్నని జిప్ టై ఒకటి మరీ బిగుతుగా కాకుండా కట్టి, షాక్ బాడీ దగ్గరికి జరిపి వదిలేయాలి. రోజూ వెళ్లే దారిలోనే ఓ ట్రిప్పు వేసి రావాలి. రాడ్ లోపలికి వెళ్లిన కొద్దీ బాడీ ఆ జిప్ టైని ముందుకి తోస్తుంది, వెనక్కి లాగదు. వచ్చాక బాడీకీ జిప్ టైకీ మధ్య ఎంత రాడ్ కనిపిస్తోందో కొలిస్తే ఎక్కువలో ఎక్కువ ఎంత లోపలికి వెళ్లిందో తెలిసిపోతుంది. ప్రతి ట్రిప్పులోనూ జిప్ టై బంప్ స్టాప్ కిందికి వెళ్లి నలుగుతోందంటే అది సందు చూసి మురిసిపోయే ఎత్తు కాదు.

మరీ దించితే ఇంకో సమస్య ఉంది. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగు వదులై కాలర్ మీద ఆడుతుంది. పై ఉదాహరణలో ప్రయాణం చివరి 10 మిల్లీమీటర్లలో స్ప్రింగు బిగి ఏమీ లేదు. పెద్ద స్పీడ్ బ్రేకర్ దాటాక టంగుమని శబ్దం వస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. అసలు స్ప్రింగు కింద హెల్పర్ అనే పలచటి చిన్న స్ప్రింగు పెట్టేది ఇందుకే. కారు బరువుకి అది పూర్తిగా అణిగిపోతుంది. చక్రం వేలాడినప్పుడు సాగి, పెద్ద స్ప్రింగుని పట్టి ఉంచుతుంది.

కింద బ్రాకెట్ తిరిగే రకం

కాయిలోవర్లలో రెండు కులాలు. పై లెక్కంతా స్ప్రింగు కాలర్ ఒక్కటే తిరిగే రకానిది. రెండో రకంలో షాక్ కింది బ్రాకెట్‌కి కూడా మరలు ఉంటాయి. స్ప్రింగునీ ప్రీలోడ్‌నీ ముట్టుకోకుండా షాక్ మొత్తం పొడవే తగ్గించొచ్చు. ఇందులో 50కి 70 లెక్క అలాగే ఉంటుంది, కారు మాత్రం దిగుతుంది. అందుకే ఇది మేలైనదని అమ్మేవాళ్లు చెబుతారు, చాలావరకు నిజమే.

కానీ ఆ 70 మిల్లీమీటర్లు పైకి లేవడానికి షాక్ ఒప్పుకున్నా మడ్‌గార్డు ఒప్పుకోవాలి కదా. కారు 40 మిల్లీమీటర్లు దిగితే టైరు కూడా 40 పైనుంచి మొదలవుతుంది. ఇంతకుముందు షాక్ ఆగిపోయేది, ఇప్పుడు టైరు ఇన్నర్ ఫెండర్‌కి తగిలి ఆగుతుంది. లేదా చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ ఛాసిస్‌కి తగులుతుంది. దీన్ని రోడ్డు మీద కనుక్కోవడం మంచిది కాదు. స్ప్రింగు తీసేసి, షాక్‌ని బంప్ స్టాప్‌తో సహా ఉత్తదే బిగించి, చక్రం పెట్టి, కింద చిన్న జాకీతో నెమ్మదిగా పైదాకా లేపి, స్టీరింగ్ రెండువైపులా పూర్తిగా తిప్పి చూడాలి. ఎక్కడైనా తగిలితే ఆ కొలత ప్రకారం బంప్ స్టాప్ పొడవు పెంచాలి. ఒకపూట పని, విసుగే. కానీ మలుపులో టైరు కోసుకుపోవడం కంటే నయం. బ్రాకెట్‌ని మరీ కిందికి వదిలేసి లోపల మరలు నాలుగే పట్టి ఉండేలా చేయకూడదు. కనీసం ఎంత లోపల ఉండాలో కిట్‌తో వచ్చే కాగితంలో ఉంటుంది.

పది తిప్పితే పద్నాలుగు

కాలర్ మీద మరల మధ్య దూరం 1.5 లేదా 2 మిల్లీమీటర్లు ఉండటం మామూలే. 2 అనుకుంటే ఐదు చుట్లకి కాలర్ 10 మిల్లీమీటర్లు కదులుతుంది. కారు కూడా 10 దిగుతుందా? ముందు చక్రాలకి మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే షాకే చక్రాన్ని పట్టుకునే స్తంభంగా ఉండే అమరిక, ఉంటే దాదాపు అంతే, ఎందుకంటే స్ట్రట్ చక్రం పక్కనే ఉండి దాంతోపాటే కదులుతుంది. పైనొకటి కిందొకటి రెండు ఆర్మ్‌లు చక్రాన్ని పట్టే డబుల్ విష్‌బోన్‌లో షాక్ ఆర్మ్ మధ్యలో ఎక్కడో ఆనుతుంది. చక్రం 10 కదిలితే స్ప్రింగు 7 మాత్రమే కదిలే అమరిక అయితే, కాలర్‌ని 10 తిప్పితే కారు 14 పైచిలుకు దిగుతుంది. వెనక స్ప్రింగు ఆర్మ్ సరిగ్గా సగంలో కూర్చునే కార్లలో అది 20 అవుతుంది. ముందూ వెనకా ఒకేలా ఐదేసి చుట్లు తిప్పి, కారు ముక్కు పైకెత్తిందేమిటని ఆశ్చర్యపోయేది ఇందుకే.

మీ కారు నిష్పత్తి ఎవరినీ అడగనక్కర్లేదు. రెండువైపులా ఐదు చుట్లు తిప్పి, కాస్త నడిపి, కొలిస్తే అదే చెబుతుంది. ఒకసారి రాసిపెట్టుకుంటే మళ్లీ ఎప్పుడూ తడుముకోనక్కర్లేదు.

ఆర్మ్ వాలితే

దించిన కారు మలుపుల్లో తక్కువ ఒరుగుతుందని అందరి నమ్మకం. బరువు కిందికి వచ్చింది కాబట్టి అది సగం నిజం. మిగతా సగం లోయర్ ఆర్మ్ చెబుతుంది. కంపెనీ ఎత్తులో ఆ ఆర్మ్ సాధారణంగా చక్రం వైపుకి కొంచెం కిందికి వాలి గానీ అడ్డంగా గానీ ఉంటుంది. కారుని దించేకొద్దీ చక్రం వైపు కొన పైకి లేస్తుంది. కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో దాన్ని రోల్ సెంటర్ అంటారు. స్ట్రట్ ఉన్న కార్లలో ఆర్మ్ ఇలా ఎదురు వాలితే ఆ బిందువు కారు దిగినదానికంటే ఎక్కువ వేగంగా కిందికి పడిపోతుంది. కారు బరువు కేంద్రానికీ ఆ బిందువుకీ మధ్య ఎడం పెరుగుతుంది. పొడుగాటి స్పానర్‌తో నట్టు సులువుగా తిరిగినట్టే, ఎడం పెరిగితే అదే బలం కారుని ఎక్కువ ఒరిగిస్తుంది. కాబట్టి స్ప్రింగులు మార్చకుండా దించుకుంటూ పోతే ఒక దశ తర్వాత కారు మునుపటికంటే ఎక్కువ ఒరుగుతుంది. పొడుగు పిన్ను ఉన్న బాల్ జాయింట్లు దొరికేది ఆర్మ్‌ని మళ్లీ కిందికి వాల్చడానికే.

టై రాడ్‌ది ఇదే కథ, కాకపోతే ఇంకాస్త చిరాకు పెడుతుంది. టై రాడ్, లోయర్ ఆర్మ్ రెండూ కలిసి దాదాపు ఒకే వంపులో ఊగేలా డిజైన్ చేస్తారు. ఎత్తు మారితే ఆ పొత్తు చెడుతుంది. గుంతలో పడిన ప్రతిసారీ చక్రం దానంతట అదే లోపలికో బయటికో తిరుగుతుంది, స్టీరింగ్ చేతిలో లాగుతున్నట్టు ఉంటుంది. దీన్ని బంప్ స్టీర్ అంటారు. అలైన్‌మెంట్ మెషిన్ మీద కారు కదలకుండా ఉంటుంది కాబట్టి ఆ కాగితంలో ఇది కనిపించదు.

కనిపించేది టో, అంటే పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉన్న కోణం. ఎత్తు మారితే టో మారుతుంది, అందుకే ఎత్తు ముట్టుకున్నాక అలైన్‌మెంట్ తప్పదు. టైరు లోపలి అంచు అరిగితే అందరూ క్యాంబర్‌ని, అంటే ముందునుంచి చూస్తే చక్రం పక్కకి వాలిన కోణాన్ని, అంటారు. నా లెక్కలో చాలాసార్లు అసలు దొంగ టో. చక్రం నేరుగా కాకుండా 0.1 డిగ్రీ పక్కకి చూస్తున్నా, ప్రతి కిలోమీటరుకీ టైరుని సుమారు 1.7 మీటర్లు అడ్డంగా ఈడ్చినట్టే. క్యాంబర్ అరిగే చోటుని నిర్ణయిస్తుంది, అరిగే వేగాన్ని టో నిర్ణయిస్తుంది.

తడిగుడ్డ పిండినట్టు

వర్క్‌షాపుల్లో తరచుగా జరిగే తప్పు ఒకటి చెప్పాలి. ఆర్మ్ చివర రబ్బరు బుష్‌లు ఉంటాయి కదా, వాటిలో రబ్బరు బయటి గొట్టానికీ లోపలి గొట్టానికీ అతికి ఉంటుంది. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బ్రాకెట్‌కి పట్టుకుపోతుంది. ఆర్మ్ కదిలినప్పుడు అక్కడ ఏదీ జారదు, రబ్బరే మెలి తిరుగుతుంది. కారు జాకీ మీద ఉండగా, ఆర్మ్ కిందికి వేలాడుతుండగా ఆ బోల్టు బిగిస్తే, రబ్బరుకి వేలాడే స్థితే విశ్రాంతి స్థితి అవుతుంది. కారు దించాక అది ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, తడిగుడ్డని పిండి అలాగే పట్టుకున్నట్టు. ఆ మెలి చిన్న స్ప్రింగులా కారుని పైకి తోస్తుంది, కాబట్టి కొలతా తప్పు వస్తుంది. కొన్నాళ్లకి రబ్బరు చిరిగి, కారు దానంతట అదే కొంచెం దిగుతుంది.

ఎత్తు 30 మిల్లీమీటర్లు మార్చినా ఇదే జరుగుతుంది, బోల్టు ఎవరూ విప్పకపోయినా సరే. అందుకే చివరి ఎత్తు ఖాయమయ్యాక, కారు బరువు చక్రాల మీద ఉండగానే ఆ బోల్టులు ఒకసారి వదులు చేసి, కారుని కొద్దిగా ఊపి, చెప్పిన టార్క్‌కి మళ్లీ బిగించాలి. ర్యాంపుల మీదో, గొయ్యి మీదో చేయాల్సిన పని. ఇది చేశారా అని అడిగితే మెకానిక్ ముఖంలోకి చూడండి, జవాబు తెలిసిపోతుంది.

కుంటి బల్ల లెక్క

నాలుగు కాళ్ల బల్ల ఊగుతుంటే ఒక కాలి కింద కాగితం మడిచి పెడతాం. కాగితం పెట్టిన కాలి మీద బరువు పెరుగుతుంది. దానికి ఐమూలగా ఉన్న కాలి మీద కూడా పెరుగుతుంది, మిగతా రెండింటి మీద తగ్గుతుంది. కారూ అంతే. ఒక మూల కాలర్ ఎత్తితే ఆ మూలా, దానికి ఐమూలగా ఉన్న మూలా బరువెక్కుతాయి.

నాలుగు త్రాసుల మీద కారుని నిలబెట్టామనుకోండి. ముందు ఎడమ 340, ముందు కుడి 320, వెనక ఎడమ 260, వెనక కుడి 280 కిలోలు. మొత్తం 1200. ముందు కుడినీ వెనక ఎడమనీ కలిపితే 580, అంటే 48.3 శాతం. ఈ ఐమూల శాతం 50కి దగ్గరుంటే కారు కుడికీ ఎడమకీ ఒకేలా తిరుగుతుంది, గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఒకవైపు చక్రం ముందే లాక్ అయ్యే అవకాశం తగ్గుతుంది. ముందు కుడి, వెనక ఎడమ కాలర్లని కొద్దిగా ఎత్తి, మిగతా రెండూ అంతే దించితే 330, 330, 270, 270 వస్తాయి. గమనించండి, ముందు రెండూ కలిపితే అప్పుడూ 660, ఇప్పుడూ 660. ఎడమవైపు మొత్తం అప్పుడూ 600, ఇప్పుడూ 600. కాలర్లు తిప్పి ముందు బరువుని వెనక్కి పంపలేం. దానికి బ్యాటరీయో సీటో జరపాల్సిందే.

త్రాసులు లేనివాళ్లకి ఇది ఎందుకంటే, ఒక్క మూల మాత్రం 5 మిల్లీమీటర్లు దిగి ఉందని ఆ ఒక్క కాలర్‌నే తిప్పకూడదని తెలియడానికి. అక్కడ 5 ఎత్తాలంటే దాన్ని కొంచెం ఎత్తి, పక్కదాన్ని కొంచెం దించి, నాలుగింటికీ పంచాలి. డ్రైవరు సీటులో మనిషో మనిషంత బరువో ఉండాలి. కారు ఒరగకుండా ఎడమ, కుడి చక్రాలని కలిపే యాంటీ రోల్ బార్ లింకు ఒకవైపు విప్పేసి చేయాలి. లేకపోతే బార్ మెలిపడి రెండువైపులనీ లాగుతూ అబద్ధం చెబుతుంది. అంతా అయ్యాక లింకు రంధ్రంలోకి బోల్టు బలవంతంగా కాక దానంతట అది జారాలి. జారకపోతే పొడవు సరిచేసే లింకులు కావాలి. రోజువారీ కారుకి గ్రాముల లెక్క అక్కర్లేదు, కానీ మడ్‌గార్డు సందులు నాలుగూ అచ్చంగా సమానం చేయాలని పట్టుబట్టి బరువుల్ని పాడుచేసుకోవడం మాత్రం చూశాను.

స్పానర్ పట్టేముందు

ఇంక అసలు తిప్పడం గురించి రెండు మాటలు చాలు. కారు జాకీ మీద ఉంటే సరిపోదు, స్టాండ్ల మీద ఉండాలి. కారు బరువు కాలర్ మీద ఉండగా తిప్పకూడదు, మరలు కొరుక్కుపోతాయి. ముందు ఇత్తడి బ్రష్‌తో మరల్లో పేరుకున్న మట్టి గీకి, పైనుంచి కిందిదాకా శుభ్రం చేశాకే సి-స్పానర్ పెట్టాలి. కింద కాలర్‌ని కదలకుండా పట్టి ఉంచే లాక్ రింగ్ వదులు చేయడం మరిచి పై కాలర్ కదలట్లేదని సుత్తీ స్క్రూడ్రైవరూ తీసేవాళ్లున్నారు. అల్యూమినియం కాలర్ అంచు ఆ దెబ్బకి చితికిపోయి, తర్వాత ఏ స్పానరూ పట్టదు. తిప్పేముందు కాలర్ మీదా బాడీ మీదా మార్కర్‌తో ఒక గీత గీసుకుంటే చుట్లు లెక్కపెట్టడం తేలిక. స్ప్రింగు నొక్కుకుని ఉన్నంతసేపూ స్ట్రట్ పైన మధ్యలో ఉండే నట్టుని విప్పకూడదు, ఎంత తెలిసినవాళ్లయినా సరే.

కాలర్లు లేని కిట్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. పొట్టి స్ప్రింగులకి ఎత్తు మార్చే అవకాశం లేదు, వచ్చినంతే. పాత షాకులతో వేస్తే పైకి లేచే చోటు ఆ మేరకు పోతుంది. ఎత్తడానికి స్ట్రట్ పైన పెట్టే స్పేసర్ పలకలకి కూడా పద్నాలుగు లెక్కే వర్తిస్తుంది. ఆర్మ్ మధ్యలో షాక్ ఉన్న బండికి 25 మిల్లీమీటర్ల పలక పెడితే 25 కంటే ఎక్కువే లేస్తుంది, బాల్ జాయింట్లూ డ్రైవ్ షాఫ్ట్ కీళ్లూ ఆ కోణాన్ని భరించాలి. గాలి సంచుల సస్పెన్షన్‌లో ఎత్తుని ప్రెజర్‌తో గుర్తుపెట్టుకునే రకం ఒకటి, సెన్సర్‌తో కొలిచే రకం ఒకటి. మొదటిదాంట్లో ఒక్కరు కూర్చుంటే వచ్చే ఎత్తు, అదే ప్రెజర్‌కి ఐదుగురు కూర్చుంటే రాదు. 1955లో వచ్చిన సిట్రోయెన్ డీఎస్ ఈ చిక్కుని ఎప్పుడో దాటేసింది. అందులో బరువు పెరిగితే లోపలికి ఇంకాస్త ఆయిల్ పంపి, కారు తన ఎత్తుని తనే నిలబెట్టుకునేది. డ్రైవరు లివర్ లాగి ఎత్తు మార్చుకునే వీలు కూడా ఉండేది.

ఎత్తు ఖాయమై, బుష్‌లు బిగించి, అలైన్‌మెంట్ అయ్యాక కూడా రెండు మిగులుతాయి. ఒకటి హెడ్‌లైట్లు. ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.5 మీటర్లున్న కారులో వెనక మాత్రం 10 మిల్లీమీటర్లు దిగితే, 25 మీటర్ల దూరంలో వెలుగు 10 సెంటీమీటర్లు పైకి లేస్తుంది, సరిగ్గా ఎదుటివాళ్ల కళ్లలోకి. రెండోది, పాత కార్లలో, పికప్‌లలో వెనక యాక్సిల్‌కి కట్టి ఉండే బ్రేకు వాల్వు. బాడీకీ యాక్సిల్‌కీ మధ్య ఎడం తగ్గితే బండిలో సరుకు ఎక్కిందనుకుని అది వెనక బ్రేకులకి ఒత్తిడి పెంచుతుంది. వెనక దించిన ఖాళీ బండి తడి రోడ్డు మీద బ్రేకు వేయగానే తోక తిప్పడానికి ఇదొక కారణం. ఆ లింకునీ కొత్త ఎత్తుకి సరిచేయాలి.

ఆ తర్వాత ఓ 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ నీటి గొట్టం, టేపు. కొత్త స్ప్రింగులు కూర్చుని నాలుగు మూలలూ రెండు మూడు మిల్లీమీటర్లు దిగి ఉంటే కంగారక్కర్లేదు. ఒక్క మూల మాత్రమే దిగి ఉంటే అక్కడ మార్కర్ గీతలు ఇంకా ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూడండి. పక్కకి జరిగి ఉంటే లాక్ రింగ్ సరిగ్గా బిగించలేదన్నమాట.